మక్కలు ఆరబోసిన రన్‌వే

నా చిన్నప్పుడు, చైనాతో యుద్ధం నడుస్తున్న ఏడు, ఒక కార్తీక సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు నేను మా పెద్దబాపు ముందు నిలబడి అబద్ధం చెప్పాను. అప్పుడు నాకు పదేళ్ళు. గడియారం చూడటం నాకు రాదు. మైదానం పని చూసే విమానాల సారు తన చేతి గడియారం చూసుకుని, "తొమ్మిదైంది మేస్త్రీ, పన్నెండుకు విమానం దిగుతది" అనడం విన్నాను, అందుకే గుర్తుంది.

వరంగల్‌కు అవతల, మా ఊరి చేన్లను ఆనుకుని నిజాం కాలంనాటి విమానాల మైదానం ఉండేది. ఏళ్ళ తరబడి అక్కడ విమానం దిగింది లేదు. యుద్ధం రాగానే సర్కారు మరమ్మతు మొదలుపెట్టింది. మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, ఆ పనికి మేస్త్రి. మా అమ్మ అక్కడే కంకర తట్టలు మోసేది. బడికి పోని పిల్లను కాబట్టి నేనూ వెంట పోయేదాన్ని. అక్షరాలు నాకు నలభై దాటాకే వచ్చాయి. కానీ ఆ రన్‌వే గురించి నాకు తెలిసినంత మా ఊరి పంతులుకు కూడా తెలియదు.

అంతా పెద్దబాపు చెప్పిందే. మొదట్లో అది ఉత్త గడ్డి మైదానమట. అప్పటి విమానాలు తేలిక, గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖం పెట్టి దిగేవి. బరువైనవి వచ్చాక చక్రాలు నేలలో దిగబడుతున్నాయని గట్టి బాట వేశారు. అది కూడా ఎటుపడితే అటు కాదు, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి వీచే దిక్కు చూసి వేశారు. "మనం తూర్పారబట్టేటప్పుడు గాలి జూసుకోమా? ఇదీ గంతే" అనేవాడు. కింద పెద్ద రాళ్ళు, వాటి సందుల్లో మొరం, పైన కంకర, ఆపైన తారు. వాన నీళ్ళు ఇరుపక్కలా జారిపోవాలని నడుమ బర్రె వీపులాగా ఎత్తుగా ఉంటుంది. ఎగరబోయే విమానం నిండు బరువుతో నిలబడేది కొసల్లోనే, అందుకని అక్కడ మందం ఎక్కువ. విమానాలను దాచే మట్టికట్టలు దేనికది దూరంగా ఉండేవి. ఒక్క బాంబుకు అన్నీ పోకూడదు కదా. గడ్డివాములన్నీ ఒకేచోట వేసే రైతు ఎక్కడైనా ఉన్నాడా?

మా ఊరివాళ్ళకు మాత్రం అది పెద్ద కల్లం. బాగా ఎండ కాసే, నీళ్ళు నిలవని అంత జాగా దొరికితే ఎవరు వదులుతారు? మక్కలు, అదే మొక్కజొన్నలు కానీ, జొన్నలు కానీ అక్కడే ఆరబోసేవారు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చేవారు. మరమ్మతు మొదలయ్యాక పెద్దబాపు ఇక వద్దన్నాడు. మా బాపమ్మ, అంటే ఆయన్ను కన్నతల్లి, వినలేదు. "పని అయిపోయిన కొసకేగదా, ఒక్క రెండు దినాలే" అని మక్కలు పోసింది. ఆదివారం సాయంత్రం మక్కలు ఎత్తేసి, రాళ్ళను బాట పక్క కాలువ అవతల పారేయమని నాకు చెప్పి పోయింది. నేను నాలుగు పారేసి, తూనీగల వెంట పడ్డాను.

సోమవారం పొద్దున పెద్దబాపు అడిగాడు. "ఏమే, రాళ్ళు తీసినవా?"

"తీసిన పెద్దబాపూ."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి పోయాడు. ఇంతలో సారు కూలీలందరినీ పిలిచి, చక్రం కింద చిన్న రాయి పడినా టైరు పగిలి విమానం బోర్లాపడుతుందని, లోపలున్నవాడు బతకడని చెప్పాడు. అట్లా ఏమైనా అయితే మొదట పోయేది మేస్త్రి ఉద్యోగమేనని కూడా అన్నాడు. నేను మెల్లగా మా అమ్మ వెనక్కి జరిగాను.

పెద్దబాపు అందరి చేతికీ చీపుర్లు ఇచ్చాడు. వాళ్ళు మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ దుమ్ము రేపారే తప్ప ఒక్క రాయి ఎత్తలేదు. "గింత పెద్ద జాగల గోటంత రాయికేమైతది మేస్త్రీ? నీకు ఫికర్ ఎక్కువ" అంది పరకాల నుంచి పనికొచ్చిన చిన్నమ్మ.

అప్పుడు పెద్దబాపు ఉన్నట్టుండి తన ఉత్త మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. "అయ్యో, నా వెండి కడెం! మా నాయిన పెట్టింది. ఈ బాట మీదనే యాడనో జారింది."

చీపుర్లు ఆగిపోయాయి. అందరూ కొంగులు బిగించి, చేతికి చేయి తగిలేంత దగ్గరగా ఒకే వరుస కట్టి, నడుములు వంచి దేవులాడసాగారు. "కడెం దొరకకుంటే అక్క నిన్ను ఇంట్లకు రానియ్యదా ఏంది బావా?" అని చిన్నమ్మ వేళాకోళం చేసింది కానీ కళ్ళు నేల మీది నుంచి ఎత్తలేదు. కాలి కింద కంకర రాయి కనబడితే చాలు, అడ్డం కాకుండా ఏరి తట్టలో వేస్తున్నారు. గుర్రపు నాడా దొరికింది, మేకులు దొరికాయి, బండి చీల దొరికింది.

నేనూ మా అమ్మ పక్కన వంగి నడుస్తున్నాను. పొద్దు ఎక్కుతోంది. ఆ బాట మైలుకు పైన ఉంటుంది. మేము పావు వంతు కూడా పోలేదు. నా రాళ్ళేమో ఆ కొసన ఉన్నాయి. వెనక్కి తిరిగి, మేము బయలుదేరిన కొసన గుంజకు కట్టిన గాలి సంచి వంక చూశాను. దాని తోక మా వైపే చాచి ఊగుతోంది. అంటే గాలి ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. అంటే చక్రాలు మొదట నేలను తాకేది ఆ కొసనే.

వరుస వదిలి పరుగెత్తాను. "పెద్దబాపూ, నేను తియ్యలే. రాళ్ళు ఆ కొసకున్నయి. మక్కలు పోసిన కాడ."

"మేం కడెం దేవులాడుతాంటే నడుమ నీ రాళ్ళ ముచ్చటేందే పోరి?" అంది చిన్నమ్మ.

పెద్దబాపు లేచి, నడుముకు చుట్టిన తువ్వాలు విప్పాడు. కడెం అందులోనే ఉంది. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"తిట్టాలంటే పన్నెండు దాటినంక తిట్టుండ్రి" అన్నాడు. "రాళ్ళు ఏరుమంటే చీపుర్లు ఊపిండ్రు. కడెం అనంగనే వంగిండ్రు. ఆ లోపల కూసున్నోడు కూడా ఒక తల్లికి కొడుకే. సగం మంది ఇట్లనే రాండ్రి. సగం మంది పోరి ఎంట ఉరుకుండ్రి."

అంతే. ఎవరూ తిట్టలేదు. రోలరు నడిపే మామ కూడా రోలరు వదిలేసి మాతో ఉరికాడు. ఉపవాసం ఉన్న మా బాపమ్మ చేనులోంచి చూసి కర్ర పట్టుకుని వచ్చింది. "నా పేరు గిట్ట చెప్పినవా?" అని నా చెవిలో అడిగి, నేను జవాబు చెప్పేలోపే వంగి మొదటి రాయి తానే ఎత్తింది.

మేము కాలువ అవతలికి చేరామో లేదో విమానం వచ్చింది. మేము రాళ్ళు ఎత్తిన చోటుకు పది బారల్లోనే చక్రాలు నేలను తాకాయి. పొగ లేచింది. అది నిలబడేదాకా మా అమ్మ నా చేయి వదల్లేదు.

పెద్దబాపు నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. రాళ్ళు తీయలేదని నా ముఖం చూడగానే తెలిసిందని, నాచేతనే చెప్పించాలని ఊరుకున్నానని చాలా ఏళ్ళకు చెప్పాడు. నేను చెప్పకపోతే? "పదకొండు దాకా జూస్తుంటి, ఆనక నేనే ఉరుకుతుంటి" అన్నాడు.

తర్వాత ముప్పై ఏళ్ళు హనుమకొండలో కట్టుబడి పనులు చేశాను. ఇనుప సలాక తప్పు కట్టినా, కలుపులో సిమెంటు తక్కువేసినా స్లాబు పోయకముందే నా తప్పు నేనే చెప్పాను. అందుకు రెండు చోట్ల పనిలోంచి తీసేశారు. తీసేస్తే తీసేశారు. ఆ స్లాబుల కింద పడుకునేవాళ్ళను నేను ఎరుగను, వాళ్ళూ నన్ను ఎరుగరు. అయినా చెప్పాల్సింది చెప్పాల్సిందే. ఇప్పుడు నా మోకాళ్ళు వంగవు, కానీ చెప్పడానికి మోకాళ్ళతో పనేముంది?

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: మా పెద్దబాపు, మా అమ్మ, మా బాపమ్మ, పరకాల చిన్నమ్మ, తట్టలు మోసే తక్కిన ఆడవాళ్ళు, రోలరు మామ, విమానాల సారు, నేను. ఇంకా ఆ విమానం దింపినవాడు. అతని ముఖం మేమెవరమూ చూడలేదు.