టేకు పురుగు, నేను చెప్పని మాట

2022 వానాకాలం. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు సాగే అడవిలో, చెట్లకు పురుగు చేసే నష్టాన్ని గమనించే చిన్న పరిశోధన కేంద్రంలో అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. నా హోదా టెక్నికల్ అసిస్టెంట్. పని ఏమిటని అడిగినవాళ్లకు చెబితే నవ్వేవాళ్లు. చెట్టు కింద నిలబడి, మెడ పైకెత్తి, ఆకులో ఎంత భాగం పురుగు తిన్నదో చూసి రాసుకోవడం. మా తండా టేకులపల్లి దగ్గర. జువాలజీ డిగ్రీ చదివి సర్కారు నౌకరి చేస్తున్న మంగమ్మ ఆకులు చూస్తూ తిరుగుతుందంటే మా వాళ్లకే నమ్మకం కుదిరేది కాదు.

టేకుకు ప్రధాన శత్రువు డిఫోలియేటర్ అనే పురుగు. తొలి వానలకు చెట్టు చిగురు వేయగానే వచ్చి, ఈనెలు తప్ప ఏమీ మిగల్చకుండా లేతాకు తినేస్తుంది. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. కానీ కాండం ఆ ఏడాది పెరగాల్సినంత పెరగదు. అందుకే పురుగు ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఉందో కనిపెట్టి ఉండాలి. దీన్నే మానిటరింగ్ అంటాం. దీనికి ఎవరూ సులువుగా డబ్బు ఇవ్వరు. పురుగు వచ్చిపోయాక అడిగితే 'పోయింది కదా' అంటారు, రాకముందు అడిగితే 'రాలేదు కదా' అంటారు.

అందుకే, పైనుంచి నిధులు వస్తున్నాయనీ, ప్రపోజల్స్ పంపమనీ ఉత్తరం వచ్చినప్పుడు నేను నెల రోజులు కూర్చుని ఒకటి రాశాను. అడవిలో శాశ్వతంగా గుర్తుపెట్టిన ప్లాట్లు, రెక్కల పురుగులను పట్టే దీపపు బోనులు, ప్రతి వారం నడిచి చూసే నలుగురు స్థానిక మహిళలు. మా కేంద్రం నుంచే ఇంకో ప్రపోజల్ వెళ్లింది. అది ప్రసన్నది. డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు, వాటిని చదివే కంప్యూటర్ ప్రోగ్రాం. ఆమెకు మంజూరైంది. నాకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది.

ప్రసన్న సైంటిస్టు. వాళ్ల కుటుంబం కోస్తా నుంచి వచ్చి అశ్వారావుపేటలో స్థిరపడింది. పామాయిల్ తోటలున్నాయి. పీహెచ్‌డీ చేసి ఆరేళ్ల కిందట మా కేంద్రానికి వచ్చినప్పుడు ఆమెకు గొంగళి పురుగును చేత్తో పట్టుకోవడం కూడా రాదు. ఏ పురుగు దురద పెడుతుందో, ఏది పెట్టదో నేనే చూపించాను. ఎండుటాకుల మీద టపటప రాలే నల్లటి రెట్టను చూసి పైన పురుగు తింటున్నదని పోల్చుకోవడం నేర్పింది కూడా నేనే. 'మంగక్కా, మంగక్కా' అంటూ నా వెనకే తిరిగేది.

ప్రాజెక్టు వచ్చిన రోజు ఆమె అందరికీ లడ్డూలు పంచింది. నా వంతు లడ్డూ డ్రాయర్‌లో పెట్టాను. మూడో రోజుకు చీమలు పట్టాయి. పారేస్తుంటే ప్రసన్న చూసింది. నేను పురుగుల పెట్టెలు పెట్టుకున్న గదికి ఏసీ బిగించి కంప్యూటర్లు పెట్టారు. నా పెట్టెలు వరండాలోకి వచ్చాయి. కొత్త జీపు వచ్చింది. డ్రోన్ పట్టుకుని నిలబడిన ఆమె ఫోటో పేపర్లో పడింది. ఆ పేపరు మా ఇంట్లో పప్పు ఆరబోయడానికి కింద పరిచాను. ఆమె ఫోటో ఉన్న వైపే పైకి పెట్టానని మా ఆయన కనిపెట్టి, "గింత కోపమేందే?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె ప్రపోజల్ కాపీ తెప్పించుకుని తప్పుల కోసం చదివాను. ఒకచోట పురుగు శాస్త్రీయ నామంలో ఒక అక్షరం తప్పు పడింది. రెండు రోజులు సంతోషంగా గడిచాయి.

ఆ జూలైలోనే అసలు సంగతి జరిగింది. మా కేంద్రానికి దగ్గరలో పన్నెండేళ్ల టేకు తోటలు మూడు బ్లాకులున్నాయి. మొదటి బ్లాకు మీద డ్రోన్ ఎగరేస్తే చిత్రమంతా ఎర్రగా వచ్చింది. ఆకు పోయినచోట ఎరుపు చూపేలా ఆ ప్రోగ్రాం రాశారు. పురుగు విజృంభించిందని ప్రసన్న రిపోర్టు తయారు చేసింది. మందు కొట్టి ఫలితం చూడటం కూడా ఆ ప్రాజెక్టులో భాగమే.

ఆ ఆదివారం నేను ఊరికే ఉండలేక అటు వెళ్లాను. తోడు ముత్తక్క వచ్చింది. ఆమె తోట పక్క కోయగూడెం మనిషి. పదేళ్లుగా నాతో కూలికి నడిచింది. ఆకు తిన్న తీరు చూసి పురుగు వయసు చెప్పగలదు. కొత్త ప్రాజెక్టులో నడిచేవాళ్లకు చోటు లేకపోవడంతో ఆ ఏడాది ఆమెకు పని లేదు. ఎప్పుడో ఒక పథకంలో ఇచ్చిన ఆరు తేనె పెట్టెలను తోట అంచున పెట్టుకుని, భద్రాచలం వచ్చే యాత్రికులకు తేనె అమ్ముకునేది.

తోటలోకి పది అడుగులు వేయగానే ఆమె ఆగింది. "మంగమ్మా, గీడ చూడు. తలకిందులుగ యాలాడుతున్నయ్."

చూశాను. ఆకుల అంచుల నుంచి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. నల్లబడి, మెత్తబడి ఉన్నాయి. పుల్లతో తాకితే చర్మం పగిలి నీరు కారింది. అది వైరస్ జబ్బు. పురుగు మరీ ఎక్కువైనప్పుడు దానంతట అదే వ్యాపించి చాలా వాటిని చంపేస్తుంది. మిగిలినవి అప్పటికే నేల మీద ఎండుటాకుల్లో గూడు కట్టుకున్నాయి. కొమ్మల చివర కొత్త చిగురు కనిపిస్తున్నది.

"గిప్పుడు మందు కొడితే ఏం సస్తయి? సచ్చినయే సస్తయి," అంది ముత్తక్క.

"అవ్," అన్నాను. నోటుబుక్కులో తేదీ వేసి అంతా రాసుకున్నాను. ఇంటికి వస్తున్నంత సేపూ నా మనసు తేలికగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. ప్రసన్న మ్యాపు తప్పు. ఆకు పోయిందని అది చెప్పగలదు, తిన్న పురుగు బతికి ఉందో లేదో చెప్పలేదు.

మంగళవారం మీటింగ్. తెర మీద ఎర్రటి మ్యాపు. శుక్రవారం పొద్దున మొదటి బ్లాకులో డ్రోన్‌తో మందు కొట్టాలనీ, వారం తర్వాత మిగతా రెండింటిలో కొట్టాలనీ నిర్ణయం. కిందికెళ్లి చూశారా అని అటవీ అధికారి అడిగారు. పది రోజుల కిందట నమూనాలు తీశామనీ, పురుగు బాగా ఉందనీ ప్రసన్న చెప్పింది. పది రోజుల్లో పురుగు బతుకు ముగిసిపోతుందని ఆమెకు నేను నేర్పలేదా అని లోలోపల అనుకున్నాను.

అధికారి నా వైపు తిరిగారు. "మంగమ్మ గారూ, మీరు తిరుగుతుంటరు కదా. ఏమంటరు?"

"నేను ఆ ప్రాజెక్టులో లేను సార్," అన్నాను.

బయటికి వచ్చాక ప్రసన్న నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఈ మధ్య ఆ బ్లాకు వైపు ఏమైనా వెళ్లారా?"

"లేదు," అన్నాను.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మందు కొడతారు, పని చేయదు, ప్రాజెక్టు సమీక్షకు వచ్చే పెద్దలు ఎందుకని అడుగుతారు. అప్పుడు నేను నోటుబుక్కు తీసి చూపిస్తాను. ఏ వాక్యంతో మొదలుపెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆ మూడు రోజులూ నా కళ్ల ముందు ప్రసన్న ముఖం తప్ప ఇంకేమీ లేదు.

శుక్రవారం మందు కొట్టారు. పశువులను అటు తోలొద్దని గూడెంలో ముందే చెప్పారు. తేనెటీగల మాట ఎవరికీ తట్టలేదు. టేకు పూత మీదున్న రోజులవి. ఆ పూల మీద ఈగలు వాలతాయని పంతొమ్మిదేళ్లుగా చూస్తున్న నాకు కూడా తట్టలేదు. తట్టలేదని ఇప్పుడు రాస్తున్నాను కానీ, తట్టే చోటే నా మనసులో లేదు.

సోమవారం పొద్దున ముత్తక్క ఆఫీసుకు వచ్చింది. చేతిలో చాట. వరండాలో నేనూ ప్రసన్నా ఉన్నాం. ఆమె చాట దించింది. నిండా చచ్చిన తేనెటీగలు. కొన్ని ఇంకా కాళ్లు కదుపుతున్నాయి.

"ఆరు పెట్టెల ముందట గిట్లనే పడ్డయి," అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. నా వైపు తిరిగి అడిగింది. "ఐతారం నాడు మనిద్దరం చూస్తిమి గద, పురుగు సస్తున్నదని. నువ్వు రాసుకుంటివి గద. సార్లకు చెప్పలేదా మేడం?"

పదేళ్లలో ఆమె నన్ను మంగమ్మ అని తప్ప పిలవలేదు. మేడం అనడం అదే మొదలు.

ప్రసన్న నా వైపు చూసింది. నేను చాట వైపే చూశాను. ఆమె ముత్తక్క ముందు కూర్చుని, "తప్పు నాది కూడా. నేను మళ్లీ వెళ్లి చూడాల్సింది," అంది. తర్వాత లేచి నాతో మెల్లగా అంది. "నా మీద మీకు అసూయ ఉందని తెలుసు అక్కా. ఉంటే ఉందిలే అనుకున్నా. పురుగు సంగతి కూడా దాస్తారని మాత్రం అనుకోలేదు."

ఏదో చెప్పబోయాను. నోట్లోంచి వచ్చింది, "నా ప్రపోజల్..." అనే మాట. అంతకంటే సిగ్గుపడిన క్షణం నా ఉద్యోగంలో లేదు.

ఆ మధ్యాహ్నం కూర్చుని రిపోర్టు రాశాను. ఆదివారం ఏం చూశానో, మీటింగులో ఎలా తప్పించుకున్నానో, అడిగితే లేదని ఎలా చెప్పానో అన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మర్నాడు ప్రసన్న, నేను, అధికారి మిగతా రెండు బ్లాకులూ నడిచాం. అక్కడా అదే పరిస్థితి. మందు ఆపేశారు. నాకు మెమో వచ్చింది. ప్రసన్న నా మీద ఫిర్యాదు చేయలేదు, నన్ను వెనకేసుకునీ రాలేదు. రెండూ న్యాయమే. ముత్తక్కకు ఆమె పట్టుబట్టి కొత్త ఈగలు ఇప్పించింది. ముత్తక్క తీసుకుంది కానీ, పెట్టెలను వాగు అవతలికి మార్చుకుంది.

ఆ తర్వాత ప్రాజెక్టులో ఒక నియమం వచ్చింది. ఏ మ్యాపు బయటికి పోవాలన్నా, రెండు రోజుల్లోపు నడిచి చూసినవాళ్ల సంతకం ఉండాలి. దీన్ని గ్రౌండ్ ట్రూతింగ్ అంటారు, పైనుంచి కనిపించినదాన్ని కింద నిలబడి సరిచూడటం. ఆ పనికి నలుగురు మహిళలను తీసుకున్నారు. నా ప్రపోజల్‌లో ఉన్నదే అది. వచ్చింది మాత్రం ప్రసన్న పేరు మీదే. ముత్తక్క ఆ నలుగురికీ పెద్ద. జీపులో ప్రసన్న పక్కన కూర్చుని ఆమె పోతుంటే, నా మనిషి కూడా అటు పోయిందని ఇంకో అసూయ పుట్టింది.

ముత్తక్క ఇప్పుడు మాట్లాడుతుంది. మేడం అనే పిలుస్తుంది.

అసూయ పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. పోయిన ఏడాది ఆ ప్రాజెక్టును పొడిగించారు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. అసూయ రావడం నా చేతిలో లేదని అర్థమైంది. చూసింది చెప్పడం నా చేతిలో ఉంది. అందుకే అడవి నుంచి రాగానే, చెప్పుల బురద కడుక్కోకముందే, ఆ రోజు చూసినదంతా ప్రసన్నకు ఫోన్ చేసి చెప్పేస్తాను. చెబుతున్నప్పుడు ఒక్కోసారి నా మాట పుల్లవిరిచినట్టు వస్తుంది. ఆమెకు అది వినిపిస్తుందనే అనుకుంటాను. అయినా ఆమె చివరి మాట దాకా వింటుంది, నేను చివరి మాట దాకా చెబుతాను.