డయ్యూ బీచ్‌ల మాయమైన రాయి

నీళ్లను చూసి పెరిగినోడు నీళ్ల ముందర ఎంత ఆగం కావచ్చునో చెప్తా, జర నిమ్మళంగ కూసోండి. మాది ఇబ్రహీంపట్నం, చెరువుల చేపలు పట్టే ఇల్లు. మా చెరువు నీళ్లు ఒక్క గజం ముందుకు జరగాలంటే వానకాలం రావాలె. అంత మర్యాద గల నీళ్లు.

పెండ్లైన కొత్తల మంజులను తీసుకొని డయ్యూ పోయిన. చిన్న దీవి, దాని మీద చిన్న ఊరు. పోర్చుగీసోళ్లు కట్టిపోయిన తెల్లటి చర్చి, సముద్రంల కాళ్లు పెట్టుకొని కూసున్న కోట, పసుపు గోడల మీద మెల్లగ పాకే ఎండ. అక్కడ తాటిచెట్లకు సుత కొమ్మలుంటయి. చెట్లే కల కంటుంటే మనుషులను ఏమంటం?

మంజుల వాళ్లక్క పెండ్లి పట్టుచీర అడిగి తెచ్చుకొని, అది కట్టుకొని చర్చి ముందర ఫొటో దిగింది. "చిన్న మరక పడ్డా నాతోని మాట్లాడకు" అని అక్క చెప్పి ఇచ్చిన చీర అది. మార్చుకొని, సంచిల భద్రంగ మడిచిపెట్టి, బీచ్‌కు నడిచినం.

సముద్రం ఎక్కడో దూరంగ ఉంది. ఒడ్డు మీద కుక్కలు తిరుగుతున్నయని, కిందికి పోయి నీళ్ల పక్కన ఎత్తు రాయి మీద సంచి పెట్టిన.

"నీళ్లొస్తయి బేటా" అన్నది కొబ్బరిబొండాలమ్మే అవ్వ, హిందీల.

"నీళ్లు మాకు కొత్త కాదవ్వా."

"ఆమెది ఈ ఊరే కదా, జర విను" అన్నది మంజుల.

"మూడు తరాల సంది చెరువే మాకు అన్నం పెడుతుంది. నీళ్ల సంగతి నాకు చెప్తావా?"

కొమ్మల తాటిచెట్ల నీడల కూసున్నం. గాలి, అలల సప్పుడు, దూరంగ పడవలు. మంజుల నా భుజం మీద తల పెట్టింది. కండ్లు మూతపడ్డయి. కలల అక్కడే ఇల్లు కట్టిన, ఇద్దరు పిల్లలను బడికి సుత తోలిన. పెద్దోడికి లెక్కలు వస్తలేవు. దాని గురించి సారుతోని మాట్లాడుతుంటే మంజుల లేపింది.

"రాయేది?"

"ఏ రాయి?"

"మా అక్క చీర పెట్టిన రాయి."

చూసిన. రాయి లేదు.

"ఎవడో ఎత్తుకపోయిండు."

"రాయినా?"

"ఊరు మంచిదే అనుకున్న."

మంజుల నవ్వలే. "అక్క ఇగ నాతోని మాట్లాడదు" అన్నది.

పోటుకు పైకొచ్చిన నీళ్లు రాయిని మింగి, సంచిని తేలగొట్టుకపోతున్నయి. నడుము లోతు దాక ఉరికిన. సంచి నాకంటె బాగ ఈదుతుంది. పడవల ఒడ్డుకొస్తున్న ముసలి జాలరి కొక్కెం కట్టెతోని దాన్ని లేపి నా చేతుల పెట్టిండు.

"ఏ ఊరు మీది?"

"రాజస్థాన్" అన్న. "ఎడారి."

"అబద్ధం" అన్నది మంజుల వెనక నుంచి. "తెలంగాణ. వీళ్లది చేపలు పట్టే ఇల్లే."

ముసలాయన నన్ను కింది నుంచి పైదాక చూసిండు. తొందరేం పడలే.

"అయితే మీ ఊర్ల చేపలే నడుచుకుంట ఇంటికొస్తయా?"

లాడ్జిల మూడు బకెట్ల మంచినీళ్లల్ల చీర జాడించినం. రంగు పోలే, జరీ పోలే, వాసన ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చి చీర తిరిగిస్తే "చేపల గంప పక్కన పెట్టినవానే?" అన్నది అక్క. మంజుల నా దిక్కు చూసి "అవ్" అన్నది. అక్క రెండు రోజులు తిట్టింది. తిట్టుడంటే మాట్లాడుడే కదా, బతికిపోయినం.

నేను మాత్రం ఆ రోజు లాడ్జిలనే తడి కొంగు పట్టుకొని ప్రమాణం చేసిన: నీళ్ల గురించి, అవి బిందెల ఉన్నా సరే, మంజులను అడగకుండ జన్మల ఒక్క మాట మాట్లాడను.