కదపకూడని సొమ్ము

మొన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిటీ బస్సెక్కాను. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి బ్యాగులోంచి వేలెడంత గొట్టం తీసి, మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం, పుదీనా కలిసిన ఘాటు వాసన నాదాకా వచ్చింది. అంతే, దిగాల్సిన స్టాపు దాటిపోయినా నాకు తెలియలేదు. అది మా అనసూయక్కగారి వాసన. థాయ్‌లాండ్ నుంచి వచ్చినప్పుడల్లా ఆవిడ అలాంటి గొట్టాలు గుప్పెళ్లకొద్దీ తెచ్చి మా వీధిలో అందరికీ పంచేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చూడకపోవడం మీకు నష్టమేనని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

గుణదలలో మాకు మోటార్ వైండింగ్ షాపు. ఏడో తరగతితో బడి మానేసి, మా నాన్న పక్కన కూర్చుని రాగితీగ చుట్టడం నేర్చుకున్నవాణ్ని. అనసూయక్కగారు మా మేడ మీద వాటాలో అద్దెకుండేవారు. కూచిపూడి దగ్గర పల్లెటూరు వాళ్లది. పెళ్లి చేసుకోలేదు. విజయవాడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. మా నాన్న పేరున ఉన్న షాపు కరెంటు కనెక్షన్ నా పేరుకి మార్చమని అడిగితే ఆఫీసులో నెలల తరబడి తిప్పారు. చివరికి ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి పొమ్మన్నారు. నేను ఇంటికొచ్చి వీధి వీధంతా వినపడేలా వాళ్లను తిడుతుంటే ఆవిడ మెట్లు దిగి వచ్చారు. "అరిచే ఓపిక ఇంతుంది గదా, చదివే ఓపిక లేదా నీకు? కూర్చో" అన్నారు. ఆ రోజు మొదలు, సాయంత్రం షాపు కట్టేశాక ఆ కాగితమే నాకు వాచకం. "ముందు కింద చిన్నక్షరాలు చదవవయ్యా కోటేశ్వర్రావ్. పెద్దక్షరాలు నిన్ను మెప్పించడానికి రాస్తారు, చిన్నవి నిన్ను ఆపడానికి" అనేవారు. ఆ చిన్నక్షరాలు పట్టుకునే వెళ్లి కనెక్షన్ నా పేరుకి రాయించుకున్నాను. అంతవరకూ నా కోపం ఉత్త కేకలు. అప్పటినుంచి దానికొక ఆధారం దొరికింది. తర్వాత నేను పోట్లాడని ఆఫీసు ఈ ఊళ్లో ఉందో లేదో నాకే అనుమానం.

అన్ని కాగితాలు చదవగలిగిన ఆ మనిషి తన జీతం మాత్రం నిలుపుకోలేకపోయేవారు. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముడు ప్రసాదుని ఆవిడే చదివించి ఇంతవాణ్ని చేశారు. అతను జీతం రోజున తప్పకుండా మెట్లెక్కేవాడు. ఒకసారి విత్తనాలు, ఒకసారి ట్రాక్టరు, ఒకసారి అత్తారింట్లో శుభకార్యం. నాకు ఒళ్లు మండేది. "లేదని ఒక్కసారి చెప్పి చూడండి అక్కగారూ" అని ఒకరోజు అనేశాను. ఆవిడ నవ్వి, "నా నోటికి తిరగదయ్యా. క్లాసులో మైనస్సులు ఎన్నయినా చెబుతా గానీ, ఇంట్లో ఒక్కటీ చెప్పలేను" అన్నారు. మంచితనాన్ని ఇలా పిండుకుని తాగే లోకం మీద నాకున్న కోపం ఈనాటికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

నలభై దాటాక ఆవిడకు థాయ్‌లాండ్‌లో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడికెళ్లినా ఇంటికి డబ్బు పంపడం ఆగలేదు. కానీ అక్కడ ఆవిడ ఈత నేర్చుకున్నారు. కాలువగట్టు మీద పుట్టి, ఆడపిల్లవని మోకాలి లోతు కూడా దిగనివ్వని ఇంట్లో పెరిగిన మనిషి, యాభై దాటాక సముద్రంలో ఈదారు. ఫోనులో ఆ ముచ్చట చెబుతుంటే గొంతు చిన్నపిల్ల గొంతయిపోయేది. "వెల్లకిలా పడుకుంటే నీళ్లే మోస్తాయయ్యా మనల్ని. మనం ఎవర్నీ మొయ్యక్కర్లేదు" అన్నారొకసారి.

స్కూలు వాళ్లు రిటైర్ చేశారు. ఉద్యోగం వీసా దాంతోపాటే పోయింది. అక్కడే ఉండిపోవాలంటే రిటైర్మెంటు వీసా తీసుకోవాలి. దానికి ఆ దేశం బ్యాంకులో, తన ఒక్కరి పేరునే, పెద్ద మొత్తం చూపించాలి. నాకు మండిపోయింది. ఇన్నేళ్లు వాళ్ల పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఒక మూల బతకడానికి ఇంత డబ్బు చూపించాలా? స్కూలు ఇచ్చిన రిటైర్మెంటు సొమ్ము సరిగ్గా దానికి సరిపోయింది. ఒక్క రూపాయి అటూ ఇటూ ఆడదు. వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరం ఆ నిబంధనలు చదివాం. అలవాటు కొద్దీ నేను అడుగు నుంచి మొదలుపెట్టాను. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఆ సొమ్ము బ్యాంకులో ఉండాలి, వీసా వచ్చాక కూడా కొన్నాళ్లు దాన్ని కదపకూడదు.

"ఆ మాట మళ్లీ చదువు" అన్నారు ఆవిడ.

"కదపకూడదండీ."

ఫోనులో నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా డబ్బు గురించి ఇంత మంచి మాట ఇన్నేళ్లలో ఎవరూ రాయలేదయ్యా" అన్నారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లేదని చెప్పలేని మనిషి తరఫున ఒక దేశం దేశమే 'లేదు' అని చెబుతోంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ రెండు నెలలు గడవాలి గదా అని ఆవిడ విజయవాడ వచ్చి మా మేడ మీదే దిగారు. మూడోనాడే ప్రసాదు వచ్చాడు. కైకలూరు వైపు చేపల చెరువులు లీజుకి తీసుకుంటే ఆ ఏడు తెగులు తగిలి చేపంతా చచ్చి తేలిపోయింది. మనిషి నిజంగానే చితికిపోయి ఉన్నాడు. ఆ మాట దాచను.

"ఈ ఒక్క పంటకి చాలక్కా. మళ్లీ చేపపిల్ల వేస్తే పట్టుబడి కాగానే తీర్చేస్తా" అన్నాడు.

"ఆ డబ్బు కదపకూడదురా. అక్కడి రూలు."

నేను వెంటనే అందుకుని రూలంతా తెలుగులో చదివి వినిపించాను. ప్రసాదు నన్ను ఎగాదిగా చూసి, "మోటార్లు చాలక వీసాలు కూడా బాగుచేస్తన్నావా ఏంటి?" అన్నాడు. అక్క వైపు తిరిగి, "కదిపితే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ఉండనివ్వరు."

"ఉండనివ్వకపోతే వచ్చెయ్యక్కా. మనకి ఇల్లు లేదా? నీ మరదలు నాలుగు మెతుకులు వండిపెట్టదా? ఈ వయసులో నా అన్నవాళ్లు లేనిచోట నీకేం పని?"

ప్రేమగానే అన్నాడు. నేను ఫోనులో నిబంధనలన్నీ గబగబా పైకీ కిందకీ తిప్పాను. అక్కడ ఉండాలంటే ఏం కావాలో రాశారు. అసలెందుకు ఉండాలో ఏ అక్షరాల్లోనూ రాయలేదు.

అక్కగారు తలెత్తి, "నాకు అక్కడ ఉండాలనుందిరా" అన్నారు. "పొద్దున్నే లేచి నీళ్లలోకి దిగుతాను. అది నాకు కావాలి. రూలు లేకపోయినా ఈ డబ్బు ఇవ్వను ప్రసాదూ. ఈసారికి లేదు."

"నీళ్ల కోసమా?"

"అవున్రా. నీళ్ల కోసమే."

చప్పట్లు కొట్టాలనిపించి, ఎదురుగా కష్టంలో ఉన్నవాడున్నాడని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ప్రసాదు కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆవిడ వెనక్కి పిలవలేదు. రెండు నెలల తర్వాత థాయ్‌లాండ్ తిరిగెళ్లి, ఇమిగ్రేషన్ ఆఫీసు బయట నిలబడి నాకే మొదటి ఫోను చేశారు. "ఏడాదికి ఇచ్చారయ్యా" అన్నారు. షాపులో ఉన్న వాళ్లందరికీ సోడాలు కొట్టించాను. ప్రసాదు లీజు సగం వదులుకుని, ఏడాదికి పైగా అక్కతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే ఫోను చేసి, "ఆ సముద్రంలో ఏం చేప పడుద్దక్కా?" అని అడిగాడట. ఆవిడ ఏటా వీసా పొడిగించుకుంటూ, చివరిదాకా ఆ నీళ్ల పక్కనే ఉన్నారు.

రూలు చదవడం నేర్పిందీ ఆవిడే, రూలు ఎక్కడితో ఆగిపోతుందో చూపించిందీ ఆవిడే. ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఏ చిక్కొచ్చినా కాగితాలు తీసుకుని నా దగ్గరికే వస్తారు. పోయిన వారం రిటైరైన టీచరమ్మ ఒకావిడ సంచినిండా కాగితాలు తెచ్చింది. తనకొచ్చిన సొమ్ము ఎలా పెట్టుకోవాలో చెప్పమంది. కొడుకు ఫ్లాటంటున్నాడట, కూతురు బంగారమంటోందట. నేను సంచి విప్పలేదు. "రూళ్లు తర్వాత చూద్దాం. ముందు మీకేం కావాలో చెప్పండమ్మా" అన్నాను. "అదే చెబుతున్నా గదండీ, మా అబ్బాయి" అని మళ్లీ మొదలుపెట్టింది. "మీ అబ్బాయికి కాదు, మీకు" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి, "మీరు నవ్వకూడదు మరి" అంది.

నవ్వనన్నాను.