ఒకే కట్టలో ఏడు పుస్తకాలు

మా విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల సంఘానికి మా మూడు జిల్లాలకు కలిపి ఒక శాఖ ఉంది. ఏటా జనగామలో ఫంక్షన్ హాలు తీసుకుని, ఎవరికి పదోన్నతి వచ్చిందో, ఎవరు డాక్టరేట్ కొట్టారో, ఎవరు పుస్తకం వేశారో చదివి శాలువాలు కప్పుతారు. వరుస హోదాను బట్టి. యూనివర్సిటీ ఆచార్యులు ముందు, డిగ్రీ కాలేజీ వాళ్లు తర్వాత, నాలాంటి జూనియర్ కాలేజీ లెక్చరర్లు బగారన్నం వాసన వచ్చే వేళకు.

ఈసారి నా పుస్తకమూ ఉంది. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు చెప్పిన జ్ఞాపకాలు. ఆరేళ్ల సెలవులన్నీ మహబూబాబాద్ నుంచి ఆ క్వార్టర్లకు తిరగడానికే సరిపోయాయి. అందరికంటే ఎక్కువ చెప్పింది ఒక అవ్వ. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. చెప్పడం మొదలుపెట్టే ముందే ఒక్కటి అడిగింది.

"నా పెనిమిటి పేరు బుక్కుల పడుతదా బిడ్డా?"

పడుతుందన్నాను. అది కళ్లారా చూసుకుంటుందనే ఆమెను సభకు వెంటబెట్టుకొచ్చాను.

ఏడుగురు పుస్తకాలు వేస్తే ఏడింటినీ ఒకే మెరుపు కాగితంలో చుట్టి రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి రిబ్బను లాగి, కాగితం పైపైన చించి, అన్నిటికంటే మీదున్న ఒక విశ్రాంత ఆచార్యుడి వ్యాసాల సంపుటిని ఛాతీకి ఆనించుకుని ఫొటో దిగాడు. మిగిలిన ఆరూ కాగితంలోనే ఉండగా కట్టను పక్కకు నెట్టి, పదోన్నతుల జాబితా అందుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. శాఖ కార్యదర్శి నాకు జూనియర్.

"తమ్మీ, కట్టల ఇంక ఆరున్నయి."

"అన్నీ ఆవిష్కరించినట్టే అక్కా. జర సబర్ చెయ్యి."

"మీదిదానికి మొఖముంది, కిందియి బుర్ఖా ఏసుకున్నయా?"

"నీతోని ఎవరు గెలుస్తరక్కా! సార్ జల్ది పోవాలె."

"పోనియ్యి. నా శాలువా గూడ ఆయనకే కప్పు. పాపం, ఏసీకి వణుకుతున్నట్టున్నడు."

హాలంతా నవ్వింది. మైకు ఆపేశారు. పక్కనుంచి అవ్వ నా కొంగు పట్టుకుని లాగింది.

"మనది ఎప్పుడిప్పుతరు బిడ్డా?"

"వాళ్లు ఇప్పరవ్వా. నేనే ఇప్పుత."

వేదికెక్కి కాగితం బర్రున చించాను. నా పుస్తకం అట్టడుగున ఉంది. దాన్ని తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టాను. గెలిచినంత పొగరుగా ఉంది నాకు.

"ఆయన పేరేడున్నదో సూపియ్యి."

ఆ పుట తెరిచాను. 'గని ప్రమాదంలో మరణించిన ఒక కార్మికుడు' అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రూఫులు దిద్దేటప్పుడు అన్ని పేర్లూ నేనే తీసేశాను. మాకు చదువులో నేర్పిన పద్ధతే అది: చెప్పిన వాళ్ల పేర్లు దాచాలి, అది వాళ్ల రక్షణ కోసం. మీకు రక్షణ కావాలా అని నేను ఒక్కరినైనా అడిగానా? ఈ అవ్వ అడిగింది దాచమని కాదు కదా. నా పేరు మాత్రం అట్ట మీద, వెన్ను మీద, లోపలి పుటలో, వెనక నా ఫొటో కింద. ఆ పేరును కట్టలోంచి లాగడానికే నేను ఇంతసేపు ఊరంతా వినేటట్టు కొట్లాడింది.

వేదిక మీద ఎవరికో పదోన్నతి చప్పట్లు పడుతున్నాయి.

అవ్వకు చదువు రాదు. ఇంతమందిని నోటితో నిలదీసిన దాన్ని, ఆమెతో ఒక్క నిజం చెప్పలేకపోయాను. 'ఒక కార్మికుడు' అన్నచోట వేలు పెట్టాను. ఆయన పేరు పైకి చదివాను.

అవ్వ ఆ అక్షరాలను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, వేళ్లు కళ్లకద్దుకుంది.

"పెద్దగనే ఏయించినవు బిడ్డా," అంది.