దిండు మీద నేర్పిన పాఠం

మా బడికి ఒక మధ్యాహ్నం నర్సు ఒకావిడ వచ్చి, గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలో ప్లాస్టిక్ బొమ్మ మీద చూపించింది. నేల మీద మోకాళ్ళేసి కూర్చోవడానికి తోటి టీచర్లు సిగ్గుపడి నవ్వారు. నాకు త్వరగా ఇంటికి వెళ్ళి చేసే పనేమీ లేదు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక తిరువూరులో మేడమీది పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. చేతులు నొప్పెట్టేదాకా ఆ బొమ్మ ఛాతీ నొక్కుతూ ఉండిపోయాను.

తొలకరి రోజుల్లో ఒకసారి బస్టాండు దగ్గర గంపలగూడెం ఆటో కోసం నిలబడి ఉన్నాను. పత్తి విత్తనాల సంచి పట్టుకున్న రైతు ఒకాయన నా పక్కనే ఉన్నట్టుండి కూలిపోయాడు. జనం మూగారు.

“ఫిట్స్ అండి, చేతిలో తాళాలు పెట్టండి” అన్నారెవరో. ఒకావిడ ఆయన నోట్లో నీళ్ళు పొయ్యబోయింది.

“పొయ్యకమ్మా, ఊపిరికి అడ్డం పడతాయి” అంటూ నేను కింద కూర్చున్నాను. భుజాలు తట్టి పిలిస్తే పలకలేదు. పక్కనున్న ఆటో అతన్ని నూటెనిమిదికి ఫోన్ చెయ్యమన్నాను. ఫోన్ చేసి వంగి చూశాడు.

“గురక వస్తోంది కదండీ, ఊపిరి ఉన్నట్టేగా?”

“అది ఊపిరి కాదు బాబూ, గుండె ఆగినా కాసేపు అలాగే వస్తుంది.”

చెయ్యి మీద చెయ్యి వేసి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టాను. బొమ్మ వేరు, మనిషి వేరు. నా అరచేతి కింద ఎముక పటుక్కుమంది. “చంపేస్తుందేమో” అని వెనక నుంచి వినబడింది. ఆపలేదు. నేను అలిసిపోయినప్పుడు ఆటో అతనికి చేతులు ఎక్కడ పెట్టాలో చూపించాను. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరం మార్చి మార్చి నొక్కాం.

ఆయన్ని తీసుకెళ్ళాక జనం చెదిరిపోయారు. ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. ఎవరికి చేసినా ముందు “ఏంటి, ఏమైనా పనుందా?” అంటారు. ఫోన్ పక్కన పెట్టేశాను.

కొన్నాళ్ళకు ఆటో అతను కనిపించి, “ఆయన బతికాడండి టీచర్ గారూ! విజయవాడలో స్టెంటు వేశారంట” అన్నాడు. ఆ సంతోషంతోనే మెట్లెక్కాను. గదిలోకి అడుగు పెట్టగానే ఆ సంతోషం ఆగిపోయింది. ఇక్కడ నేను పడిపోతే? నేర్చుకున్నదంతా పక్కవాళ్ళకే. నా ఛాతీ నేను నొక్కుకోలేను.

వెంటనే కిందికి దిగాను. కింది పోర్షన్‌లో బట్టలు కుట్టే ఆవిడ అప్పుడే నమాజు ముగించి మిషను ముందు కూర్చుంది. ఏళ్ళ తరబడి మా మాటలు కుళాయి నీళ్ళూ, కరెంటు బిల్లూ దాటలేదు. ఒక దిండు అడిగి, నేల మీద పెట్టి, గుండె ఆగితే ఎలా నొక్కాలో చూపించాను.

“మా ఇంట్లో గుండె జబ్బు ఎవరికీ లేదే! ఎవరి కోసమండీ ఇది?”

“నా కోసమేనమ్మా.”

ఆవిడ మిషను ముందు నుంచి లేచింది. మెడలో టేపు తీసి పక్కన పెట్టి, దిండు ముందు మోకాళ్ళేసుకుంది. బాగానే నొక్కింది. ఆయాసపడుతూ ఆగి అడిగింది:

“మీరు పైన పడిపోతే నాకు తెలిసేదెలాగండీ?”

నేను దిండు దులిపి ఆవిడకి తిరిగిచ్చాను.

“పొద్దున్నే ఒకసారి పిలుస్తాలెండి” అంది. అది సరిపోదని ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ మెట్ల కింద నుంచి “టీచర్ గారూ!” అని పిలుస్తుంది. “ఉన్నానమ్మా” అంటాను. సెలవు రోజుల్లో నన్ను పిలిచే గొంతు అదొక్కటే.