పదిహేడో వరసలోని ఈల

ఆ ఆదివారం మడివాళలోని పీజీ హాస్టల్ మూడో అంతస్తు గదిలో ఉన్నవి: నేను, హిందూపురం నుంచి వచ్చిన నా రూమ్మేటు, రెండు మంచాలు, ఒక ఫ్యాను, ఒకే కథ ఏడు సంపుటాలు, నా ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక. మాయలూ మంత్రాలూ ఉన్న ఆ కథను ఇంటర్ మొదటి ఏడాదిలో మొదలుపెట్టాను. చివరిదైన ఏడో సంపుటం ముందురోజే చేతికొచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అదే అలవాటుతో, కథలో తేలకుండా మిగిలిన ప్రతి సంగతినీ పట్టికలో ఒక వరసగా రాసుకున్నాను. జవాబు దొరికిన పేజీ సంఖ్య వేయకుండా ఏ వరసనూ మూయకూడదని నియమం.

పదిహేడో వరస ఈల. మొదటి సంపుటంలో పడవ నడిపే ముసలమ్మ కథానాయికకు కొయ్య ఈల ఇస్తుంది. ఏ దారీ లేనప్పుడు ఊదితే పడవ వస్తుందంటుంది. మూడో సంపుటంలో ఆ ఈల ఏట్లో పడిపోయింది. తర్వాత దాని మాటే లేదు. రచయిత్రి మరిచిపోలేదని నాలుగేళ్లుగా రూమ్మేటుతో వాదిస్తున్నాను. ఒక్క వరస మిగిలినా ఏడు పుస్తకాలూ పాత పేపర్లవాడికి వేసేస్తానని మాట కూడా ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి నేను దిగకపోతే అతనే ఇద్దరి పళ్లాలూ పైకి తెచ్చాడు.

“ఇంగా ఎన్ని ఉండాయప్పా?”

“ఒకటి. పేజీలు పన్నెండు.”

“ఈలేనా? ఆయమ్మ ఎప్పుడో మర్సిపోయింటాది. ముద్ద తిను. పాత పేపర్లాయప్ప సాయంత్రం దంకా ఉంటాడులే.”

ఆఫీసులో గడువు మీదపడ్డప్పుడు చేసే పనే చేశాను. పదిహేడుకు ఎదురుగా ‘వాయిదా’ అని కొట్టాను. అతను చూసి నవ్వాడు.

చివరి అధ్యాయంలో కథానాయిక ముసలిది. ఇప్పుడు రేవులో పడవ నడిపేది ఆమే. అవతలి గట్టు నుంచి ఈల వినిపిస్తుంది. ఏట్లో పోయిన ఈల ఎవరికో దొరికింది. ఆమె తాడు విప్పి తెడ్డు అందుకుంటుంది. ఇన్నేళ్లూ ఆమె ఎప్పుడు ఊదుతుందా అని చూశాను. విని వెళ్లాల్సింది ఆమె.

మంచం మీద లేచి నిలబడ్డాను. ఫ్యాను ఉందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అతను ఆ పేజీని రెండుసార్లు చదివాడు.

“ముందే అనుకొని రాసినాదా ఇది?”

“మొదటి పుస్తకం నుంచే.”

“ఆ మొదటిది ఇట్ల పెట్టు. చెయ్యి కడుక్కొనొస్తా.”

‘వాయిదా’ చెరిపి పేజీ సంఖ్య వేశాను, 688.

మొత్తం వరసలు నలభై మూడు. తేలనివి సున్నా.