యాది లేదని రాయమన్న హుస్సేన్ బీ

2006 వానాకాలం మొదట్లో నన్ను హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నం ప్రాంతానికి క్షేత్ర పర్యవేక్షకుడిగా వేశారు. అప్పటికి నేను సీనియర్ సైకాలజిస్టుని. అంటే మా సంస్థలో డైరెక్టరుగారి గదిలోకి తలుపు తట్టి వెళ్ళే హోదా. తట్టకుండా వెళ్ళే హోదా రిటైరయ్యేదాకా రాలేదు. అరవై దాటినవాళ్ళలో మతిమరుపు గురించి ఎవరెవరు ఫిర్యాదు చేస్తున్నారో రాసుకోవడం, వాళ్ళలో ఎవరికి ముందుముందు డిమెన్షియా వచ్చే ప్రమాదం ఉందో తేల్చడం మా పని. డిమెన్షియా అంటే మామూలు మతిమరుపు కాదు. వంట, స్నానం, ఇంటిదారి కూడా చేజారిపోయే జబ్బు.

ప్రతి ఇంట్లోనూ నాలుగు పనులుండేవి. మొదట సమ్మతి పత్రం మీద సంతకం, చదువు రానివాళ్ళకు వేలిముద్ర. తరువాత మతిమరుపు ఉందా అన్న ప్రశ్న. ఆ పైన పరీక్ష: మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలు వేరే సంగతులు అడిగి, ఆ మూడూ మళ్ళీ చెప్పమనాలి. చివరగా ఇంట్లో బాధ్యత గల బంధువు సాక్ష్యం. పెద్దాయన తాను మరచిపోతున్నానంటే చాలదు, కొడుకో కోడలో అవునని ధ్రువీకరించాలి. అలా ధ్రువీకరిస్తేనే మా లెక్కలో అది ఫిర్యాదు. లేకపోతే ఉత్త మాట.

ప్రశ్నాపత్రాన్ని తెలుగు చేసింది నేనే. "గత సంవత్సర కాలంలో మీ జ్ఞాపకశక్తి క్షీణించినట్లు మీరు భావిస్తున్నారా?" అని రాసి, చాలా బాగా కుదిరిందని మురిసిపోయాను. మాది కృష్ణా జిల్లా, కాపురం వనస్థలిపురం. మొదటి ఇంట్లో నేను ఆ వాక్యం చదివితే ముసలాయన తన కొడుకు వంక చూశాడు. మా క్షేత్ర సహాయకురాలు సునీతది ఆ పక్కనే ఉన్న మంచాల. ఆ అమ్మాయి ముందుకు వంగి, "యాది మర్తున్నవా తాతా?" అంది. "నేనెందుకు మర్తా?" అన్నాడాయన వెంటనే.

ఆ మాటే ఇంటింటా వినబడింది. మూడు వారాలు తిరిగాం, యాది మరుస్తున్నానన్న మనిషి ఒక్కరూ దొరకలేదు. ఎనభై దాటినవాళ్ళు కూడా గులాబి, నాగలి, రుమాలు అని మూడు మాటలూ గడగడా అప్పజెప్పారు. డైరెక్టరుగారు పొంగిపోయారు. పల్లె గాలి, జొన్నరొట్టె మెదడును కాపాడుతున్నాయని ఢిల్లీ సమావేశానికి ఒక ప్రసంగం కూడా సిద్ధం చేసుకున్నారు. ఆ ఊళ్ళలో సగం మంది జొన్నరొట్టె మానేసి చాలా ఏళ్ళయిందని చెబుదామనుకున్నాను గానీ, అప్పటికే ప్రసంగానికి బొమ్మలు కూడా గీయించేశారు.

అసలు సంగతి ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే తెలిసింది. హోటలాయన గ్లాసు నా ముందు పెట్టి, "సార్, గులాబి, నాగలి, రుమాలు. గవే గద? మా అమ్మకు గూడ నేర్పిన. జర జల్దిగ రాండ్రి, మళ్ల మర్చిపోతది" అన్నాడు.

మా నియమావళిలో మూడు మాటల జాబితాలు ఆరున్నాయి. ఊరు మారినప్పుడల్లా జాబితా మార్చాలి. పని తొందరగా సాగుతుందని మొదటిదొక్కటే వాడమని చెప్పినవాణ్ణి నేనే. ఆ మాటలు మాకంటే ముందే బస్సెక్కి ఊళ్ళు తిరిగాయి.

ఎందుకు నేర్పుతున్నారని సునీతను అడిగాను. ఔటర్ రింగు రోడ్డు మాటతో భూమి ధరలు పిచ్చెక్కినట్టు పెరుగుతున్న రోజులవి. కాగితాలతో వచ్చి, వయసెంత, కొడుకులెందరు అని అడిగి, ఇంకు డబ్బా తెరిచేవాళ్ళు ఆ ఏడాది ఒకే రకం, భూమి కొనేవాళ్ళు. మమ్మల్నీ ఆ లెక్కలోనే వేశారు. మతి లేదని మేం రాశామంటే రిజిస్ట్రార్ ఆఫీసులో ముసలివాళ్ళ వేలిముద్ర చెల్లదని, అమ్మకం ఆగిపోతుందని ఊళ్ళు నమ్మాయి. అందుకే పదో తరగతి పరీక్షకు పిల్లల్ని కూర్చోబెట్టినట్టు తల్లుల్నీ తండ్రుల్నీ కూర్చోబెట్టి బట్టీ పట్టించారు.

మర్నాటి నుంచి రెండో జాబితా వాడాం. మంచాల మండలంలో మేం వెళ్ళిన మొదటి ఇల్లు హుస్సేన్ బీది. డెబ్బై రెండేళ్ళ మనిషి. రెండెకరాల మెట్ట చెలక ఆవిడ పేరనే ఉంది. కొడుకు జహంగీర్ మాకు కుర్చీలు వేసి, తల్లి వెనకే నిలబడ్డాడు.

సునీత ఇంకు డబ్బా తియ్యగానే ఆవిడ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. "ఏలిముద్ర ఎయ్య. నా భూమి ఇయ్య" అంది. ఇది భూమి కాగితం కాదని సునీత పావుగంట నచ్చజెప్పింది. చివరికి ఆవిడ నోటిమాటగా ఒప్పుకుంది. నియమావళి అందుకు వీలిస్తుంది.

"యాది మర్తున్నవా అవ్వా?"

"అవ్, మర్తున్న. రాయి. గీ ముసల్దానికి యాది లేదని రాయి" అంది హుస్సేన్ బీ.

మూడు వారాల తిరుగుడులో మొదటి ఫిర్యాదు! నేను కుర్చీలో ముందుకు జరిగాను. కొత్త మాటలు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక అడిగితే ఆవిడ గులాబి, నాగలి, రుమాలు అంది. ఆలోగా నీ పేరేందని సునీతను మూడుసార్లు అడిగింది. ఏ నెలో చెప్పలేకపోయింది. మరపు నిజంగానే ఉంది. తన మరపును ఏ పనికి వాడుకోవాలో కూడా ఆవిడకు స్పష్టంగా తెలుసు.

జహంగీర్‌కు కోపమొచ్చింది. "గా మూడు మాటలే గద సార్ రూలు? నేర్పనివి అడిగితే ఎట్ల?" అన్నాడు. సాక్ష్యం అడిగితే, "మా అమ్మకు మస్తు యాది. వచ్చే బేస్తవారం రిజిస్ట్రీ ఉంది, గిదంతా రాయకుండ్రి" అన్నాడు.

నియమం ప్రకారం బంధువు ధ్రువీకరించలేదు కనుక ఆవిడ ఫిర్యాదును కొట్టేశాను. పరీక్షలో మార్కులు మా కనీస గీతకు తగ్గాయి కనుక నగరంలోని పెద్ద దవాఖానలో చూపించమని ఉత్తరం రాశాను. అలాంటి ఉత్తరాన్ని బాధ్యత గల బంధువుకే ఇవ్వాలి. జహంగీర్‌కిచ్చాను. అతను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. హుస్సేన్ బీ ఆ కాగితం వంకే చూస్తూ కూర్చుంది. ఆ చూపు చూసి కూడా నేను సంచీ సర్దుకుని లేచాను.

డైరెక్టరుగారి ప్రసంగం బాగా జరిగిందట. ఆ మండలంలో ధ్రువీకరించిన ఫిర్యాదు ఒక్కటీ లేదని అందులో ఉంది. అబద్ధమేమీ కాదు.

ఏడాది తరువాత రెండో విడతకు వెళ్ళినప్పుడు ఆ చెలకలో హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ఏదో నగర్ అని రంగుల జెండాలు కూడా కట్టారు. అనుకున్న గురువారంనాడే రిజిస్ట్రీ జరిగిపోయిందని, ఆఫీసులో పేరు తప్ప ఇంకేమీ అడగలేదని సునీత చెప్పింది. హుస్సేన్ బీ ఇంటిముందు గడపలో కూర్చుని ఉంది. సునీతను పేరేందని మళ్ళీ అడిగింది. తరువాత నన్ను చాలాసేపు చూసింది.

"యాది లేదని రాయమంటి. రాసినవా సారూ?"

"రాశానమ్మా. ఉత్తరం కూడా ఇచ్చాను."

"ఎవ్వలకిచ్చినవ్?"

నాకు సిగ్గేసింది.

పద్ధతి ప్రకారం నడుచుకున్నంత మాత్రాన తప్పు చేయనట్టు కాదని నేను ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఆ తరువాత నా చేతికి వచ్చిన ప్రతి నియమావళిలోనూ రెండు మార్పులు చేయించాను. ఫిర్యాదుకు మరొకరి సాక్ష్యం అక్కర్లేదు. ఉత్తరం పరీక్షకు కూర్చున్న మనిషి చేతికే ఇవ్వాలి, అందులో ఏముందో ఆ మనిషికే చదివి వినిపించాలి.